ఉపకారం రూపంలో వచ్చిన సామ్రాజ్యం: కొరియాలో జపాన్ బౌద్ధ ప్రచారకులు

కొరియా పడమటి తీరంలో గున్సాన్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి దొంగుక్సా అనే బౌద్ధాలయం, కొరియా గుళ్లు చూడటం అలవాటైన వాళ్లకు గుడిలా అనిపించదు. కొరియా ఆలయాల చూరు కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో లతలూ పువ్వులూ కిక్కిరిసి ఉంటాయి. ఇక్కడ రంగు చుక్క కూడా లేదు. నిటారుగా దిగిన పెంకుల కప్పు, వరసగా కిటికీలు, నల్లబడ్డ కర్ర. ప్రధాన మందిరానికీ భిక్షువులు ఉండే ఇంటికీ మధ్య కప్పు వేసిన నడవ. వెనక వెదురు తోపు. జపాన్‌లో ఏ పల్లెకు వెళ్లినా ఇలాంటి గుడి కనిపిస్తుంది. కొరియాలో మాత్రం జపాన్ వలస పాలన కాలంలో కట్టి, ఇప్పటికీ గుడిగానే నడుస్తున్న జపాన్ తరహా ఆలయం ఇదొక్కటే.

1909లో జపాన్ సోతో జెన్ శాఖ భిక్షువు ఒకరు ఈ ఊళ్లో ప్రచారం మొదలుపెట్టారు. ఇప్పుడున్న మందిరం 1913లో కట్టింది. ఆవరణలో వేలాడే గంట 1919లో క్యోటోలో పోత పోయించి సముద్రం దాటించి తెచ్చింది. ఆ దగ్గర్లోనే 2012 సెప్టెంబరులో నిలబెట్టిన రాతి పలక ఉంది. గుళ్లో రాతి పలక అంటే బుద్ధవచనమో, దాతల పేర్లో ఉంటాయనుకుంటాం. దీని మీద ఉన్నది క్షమాపణ. సోతో శాఖ 1992లో అధికారికంగా విడుదల చేసిన పశ్చాత్తాప ప్రకటనలోని భాగాలు అవి. 1868లో మొదలైన మెయిజీ కాలం నుంచి 1945లో పసిఫిక్ యుద్ధం ముగిసేదాకా విదేశాల్లో ధర్మప్రచారం పేరు చెప్పుకుని తమ శాఖ రాజ్యాధికారానికి వంత పాడిందనీ, ఆసియా ప్రజల హక్కులను కాలరాసిందనీ ఆ ప్రకటన ఒప్పుకుంటుంది. కొరియా జాతిని జపాన్‌లో కలిపేసే పనిలో తామే ముందు వరసలో నడిచామని కూడా అంటుంది.

మిషనరీ అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది తెల్ల దొర, బైబిలు, వెనకాల తుపాకీ ఓడ. బౌద్ధం అనగానే వచ్చేది యుద్ధం మానేసిన అశోకుడు, ఆయన పంపిన ధర్మదూతలు. ఈ రెండు బొమ్మలూ ఒకదానితో ఒకటి అతకవు. అందుకే గున్సాన్ రాతి పలక చదివిన వాళ్లకు మొదట ఆశ్చర్యం కలుగుతుంది. ఆ తర్వాత, కాషాయం కట్టుకున్న కొందరు దుర్మార్గులు సైన్యంతో చేతులు కలిపారు కాబోలు అనే సులువైన సమాధానం తడుతుంది. అలాంటి వాళ్లూ ఉన్నారు. కానీ అసలు కథ నడిచింది దౌర్జన్యం దారిలో కాదు, ఉపకారం దారిలో. కొరియా భిక్షువులకు సొంత రాజ్యం వందల ఏళ్లుగా ఇవ్వని మర్యాదను జపాన్ ప్రచారకులు ఇప్పించారు. చిక్కంతా అక్కడే పడింది.

ముందు జపాన్ సంగతి. 1868లో చక్రవర్తి పేరిట మెయిజీ ప్రభుత్వం వచ్చీ రాగానే జపాన్ దేశీయ మతమైన షింతోను నెత్తిన పెట్టుకుని, బౌద్ధాన్ని దాన్నుంచి విడదీసింది. ఆ ఊపులో చాలా చోట్ల జనం గుళ్ల మీద పడ్డారు. విగ్రహాలు పగలగొట్టారు, గంటలు కరిగించారు, సూత్రగ్రంథాలు తగలబెట్టారు. వెయ్యేళ్లకు పైగా ఆ నేలలో ఉన్న మతాన్ని ఒక్కసారిగా పరాయి మతమన్నారు, దేశానికి దమ్మిడీ ఉపయోగం లేదన్నారు. ఆ దెబ్బకు బౌద్ధ శాఖలు ఎంచుకున్న దారి ఒకటే: మేమూ దేశానికి పనికొస్తామని రుజువు చేసుకోవడం. ఆ తర్వాత ఎనభై ఏళ్లలో ఈ శాఖలు చేసిన చాలా పనులకు మూలం ఈ భయంలోనే కనిపిస్తుంది.

అమితాభ బుద్ధుణ్ణి కొలిచే హొంగన్‌జి శాఖలు రెండు, హిగాషి (తూర్పు), నిషి (పడమర). వాటిలో హిగాషి హొంగన్‌జి శాఖకు ఈ భయం మరీ ఎక్కువ. క్యోటోలో వాళ్లకు స్థలమిచ్చి నిలబెట్టింది మెయిజీకి ముందు దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు, తొకుగావా షోగన్. ఇప్పుడు ఆ షోగన్ల పాలనే కూలిపోయింది. పాత దొర మనుషులన్న ముద్ర చెరిపేసుకోవాలి. 1870లో ఇంకా ఇరవై ఏళ్లు నిండని వారసుడు ఓతాని కోయెయ్ పెద్ద బృందంతో ఉత్తరాన హొక్కైదో దీవికి బయలుదేరాడు. దారి పొడవునా భక్తుల దగ్గర విరాళాలు పోగు చేసుకుంటూ వెళ్లి, అక్కడ రోడ్డు వేయించాడు. కొండల మీదుగా సప్పొరో వైపు సుమారు 100 కిలోమీటర్ల బాట. ఆ దీవి ఐను జాతి వాళ్లది. వాళ్ల నేలను జపాన్ తన ఖాతాలో రాసుకుంటున్న రోజులవి. రోడ్డు పనిలో ఐనులు కూడా చెమటోడ్చారు. ధర్మప్రచారం పేరుతో వెళ్లిన శాఖ ముందు వేసింది వలసవాసుల బండ్లు నడిచే దారి.

ఇలాంటి పనికి ఆ శాఖలు వాడిన మాట ‘కైక్యో’. అంటే బోధను తెరవడం, బోధ కోసం కొత్త చోటును తెరవడం. బీడు భూమిని సాగులోకి తేవడానికి వాడే ‘కైతాకు’ అన్న మాటలోనూ మొదటి అక్షరం ఇదే. ఏ చోటును తెరిచినా అక్కడ అంతకు ముందు ఏమీ లేదన్న ధ్వని ఆ మాటలోనే దాగి ఉంది. కొరియాలో మాత్రం అప్పటికే పదిహేను వందల ఏళ్ల బౌద్ధం ఉంది. పైగా జపాన్‌కు బుద్ధుణ్ణి మొదట పంపింది కొరియా రాజ్యమైన బేక్జే. గురువు ఇంటికి వెళ్లి గురువుకే అక్షరాభ్యాసం చేస్తామన్నట్టు ఉంటుంది ఈ కైక్యో.

1876లో గంగ్వా ఒప్పందంతో జపాన్ కొరియా తలుపు బలవంతంగా తెరిపించింది. పూసాన్ రేవు జపాన్ వర్తకులకు దక్కింది. మరుసటి ఏడే హోం మంత్రి ఓకుబో తోషిమిచి, విదేశాంగ మంత్రి తెరాషిమా మునెనోరి కలిసి హిగాషి హొంగన్‌జి అధిపతిని కొరియాలో ప్రచారం మొదలుపెట్టమని అడిగారు. ఇది గమనించాల్సిన సంగతి. ఇక్కడ జెండా వెనక మతం నడవలేదు, మతం వెనక జెండా నడవలేదు. రెండూ ఒకే ఓడ ఎక్కాయి. ఆ శాఖ పంపిన మనిషి ఒకుమురా ఎన్షిన్. క్యూషూ దీవిలోని కరాత్సు ఊరివాడు. మూడు వందల ఏళ్ల కింద జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద కన్నేసిన రోజుల్లో తన వంశపు మూలపురుషుడు పూసాన్‌లో గుడి కట్టాడని వాళ్లింట్లో చెప్పుకునేవారు. ఎన్షిన్ చెల్లెలు ఒకుమురా ఇవోకో 1898లో కొరియాలోని గ్వాంగ్జులో వృత్తివిద్యా బడి పెట్టించింది. తిరిగి వచ్చి 1901లో సైనికుల కుటుంబాల కోసం జపాన్ దేశభక్త మహిళా సంఘాన్ని స్థాపించింది. మతం, చదువు, సైన్యం వేర్వేరు గదులు అనుకుంటే ఆ ఇంటిని అర్థం చేసుకోలేం. ఒకే కుటుంబం పొద్దున ఒక పని, సాయంత్రం ఒక పని చేసింది. వాళ్ల దృష్టిలో అవన్నీ ఒక్క పనే.

ఇక్కడ తెలుగు పాఠకులకు కాస్త ఇబ్బంది పెట్టే విషయం ఒకటి ఉంది. హొంగన్‌జి శాఖల గురుపరంపరలో ఏడుగురు ఆచార్యులు. ఆ వరసలో మొట్టమొదటి పేరు నాగార్జునుడిది. శ్రీపర్వతం, శాతవాహనుల పేర్లతో మనం కలిపి చెప్పుకునే ఆచార్యుడే. సత్యం రెండు రకాలని, ఒకటి లోక వ్యవహారంలోని సంవృతి సత్యం, రెండోది పరమార్థ సత్యం అని చెప్పి ఆ రెంటి సంబంధాన్ని తర్కంతో విప్పింది ఆయనే. సుమారు పదిహేడు వందల ఏళ్ల తర్వాత ఆ ‘రెండు సత్యాలు’ అన్న మాట జపాన్‌లో వేరే పనికి వచ్చింది. 1871లో కన్నుమూసిన నిషి హొంగన్‌జి అధిపతి కోన్యో తన భక్తులకు వదిలివెళ్లిన బోధ సారాంశం ఇది: లోపల బుద్ధుడి మీద విశ్వాసం, బయట చక్రవర్తి శాసనానికి విధేయత. పరమార్థం గుండెలో ఉంచుకో, లోకంలో రాజు చెప్పినట్టు నడుచుకో. నాగార్జునుడి దగ్గర రెండు సత్యాలు ఒకదాన్నొకటి ప్రశ్నించుకుంటాయి, పరమార్థాన్ని అందుకోవడానికి వ్యవహారం మెట్టు అవుతుంది. ఇక్కడ మాత్రం వాటి మధ్య గోడ కట్టేశారు. గోడకు అవతల ఏం జరిగినా ఇవతలి భక్తికి మైల అంటదు. యుద్ధానికి, వలసకు ఇంతకన్నా సుఖమైన సిద్ధాంతం ఇంకేం కావాలి!

ఇప్పుడు అవతలి గట్టు చూడాలి. కొరియాను ఏలిన చోసాన్ రాజ్యం కన్ఫ్యూషియస్ బాట పట్టి ఐదు వందల ఏళ్లుగా బౌద్ధాన్ని అణిచింది. గుళ్లు కొండల్లోకి జరిగాయి. భిక్షువును సమాజంలో అట్టడుగు వర్గాల్లో లెక్కేశారు. కోటలు కట్టడానికి, కాగితం తయారు చేయడానికి వెట్టి చేయించారు. రాజధాని సోల్ కోట గోడల లోపలికి భిక్షువులు అడుగు పెట్టకూడదని నిషేధం. తలుపు దగ్గర నిలబెట్టి ఆపే ఆ అవమానం మన సమాజానికి కొత్తదేం కాదు.

అలాంటి భిక్షువుల్లో ఒకడు యీ దోంగిన్. పూసాన్‌లో ఒకుమురా గుడికి వచ్చి, జపాన్ గురించి, బయటి లోకం గురించి అడిగి తెలుసుకున్నాడు. 1879లో ఆ గుడి సాయంతోనే రహస్యంగా జపాన్ వెళ్లాడు. క్యోటోలో హిగాషి హొంగన్‌జి దీక్ష తీసుకున్నాడు. టోక్యోలో బ్రిటిష్ దౌత్యవేత్త ఎర్నెస్ట్ సాటోను కలిసి అతనికి కొరియా భాష నేర్పాడు. కొరియాను ఆధునికం చేయాలని తహతహలాడే కిమ్ ఓక్‌గ్యున్ లాంటి యువ కులీనులకు, జపాన్‌కు మధ్య వారధి అయ్యాడు. కోట గుమ్మం దాటనివ్వని కులం నుంచి వచ్చినవాడు ఏడాది తిరిగేసరికి రాజు కొలువులో సలహా చెప్పే స్థాయికి ఎదిగాడు. 1881 వసంతంలో ఉన్నట్టుండి మాయమయ్యాడు. చంపేశారన్నది అందరి అనుమానం. ఇతన్ని జపాన్ తొత్తు అనాలా, దేశభక్తుడు అనాలా? ఈ ప్రశ్నే అతని విషయంలో తప్పు ప్రశ్న. అతనికి తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, అది హొంగన్‌జి తలుపు.

1895 ఏప్రిల్‌లో, చైనాతో యుద్ధం గెలిచిన జపాన్ సైన్యం ఇంకా కొరియాలో ఉండగానే, నిచిరెన్ శాఖ భిక్షువు సానో జెన్‌రెయ్ సోల్‌కు వచ్చాడు. భిక్షువుల మీద నిషేధం ఎత్తేయాలని ప్రధాని కిమ్ హోంగ్‌జిప్‌కు అర్జీ పెట్టాడు. నిషేధం పోయింది. ముందు ఏడాది మొదలైన సంస్కరణల్లో పుట్టుకను బట్టి వచ్చే తేడాలను ప్రభుత్వం ఎటూ రద్దు చేస్తోంది, ఈ నిషేధమూ నేడో రేపో పోయేదే అని వాదించే చరిత్రకారులున్నారు. అయ్యుండొచ్చు. కానీ పేరు వచ్చింది సానోకు. యోంగ్జుసా మఠం భిక్షువు ఒకాయన అతనికి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని తర్వాతి తరం కొరియా జాతీయవాదులు సిగ్గుచేటు పత్రంగా చూశారు. వందల ఏళ్లు గుమ్మం బయట నిలబడ్డవాడి వైపు నుంచి చదివితే అందులో సిగ్గుపడాల్సింది ఏముందో చెప్పడం కష్టం. సిగ్గుపడాల్సిన వాళ్లు ఉంటే, ఆ గుమ్మం తామే తెరవడానికి అన్ని వందల ఏళ్లు ఆలోచించిన సొంత రాజ్యం వాళ్లు.

అదే ఏడాది అక్టోబరు 8న జపాన్ మనుషులు సోల్ రాజభవనంలోకి జొరబడి రాణి మిన్‌ను చంపేశారు. ఆ కేసులో హిరోషిమా జైల్లో కొన్నాళ్లు ఉండి, మిగతా వాళ్లతో పాటు విడుదలైన వాళ్లలో తకేదా హాన్షి ఒకడు. సోతో శాఖ భిక్షువు. ఆరు నెలల తేడాలో ఒక జపాన్ భిక్షువు కొరియా భిక్షువులకు కోట తలుపు తెరిపించాడు, ఇంకో జపాన్ భిక్షువు అంతఃపురం తలుపు బద్దలు కొట్టిన ముఠాతో అంటకాగాడు. ఈ తకేదా మళ్లీ వస్తాడు.

1905లో కొరియా జపాన్ రక్షిత రాజ్యమైంది. 1906లో జపాన్ రెసిడెన్సీ, అంటే కొరియాలో జపాన్ పెత్తనం చేసే కార్యాలయం, ఒక నిబంధన తెచ్చింది. కొరియా గుడి ఏదైనా కోరుకుంటే జపాన్ శాఖ నిర్వహణ కిందికి రావచ్చు. కొన్నేళ్లలో వందకు పైగా కొరియా గుళ్లు దరఖాస్తు పెట్టుకున్నాయి. ఎందుకు? ఆ రోజుల్లో ‘ధర్మసేన’ల పేరుతో కొరియా గెరిల్లాలు కొండల్లో ఉండి జపాన్ సైన్యంతో పోరాడుతున్నారు. కొండల్లో దాక్కోవడానికి చోటు అంటే గుడే. గెరిల్లాలు రాత్రి వచ్చి అన్నం అడుగుతారు. పొద్దున జపాన్ సైనికులు వచ్చి అన్నం పెట్టినందుకు గుడి తగలబెడతారు. ఇవి కాక స్థానిక అధికారుల పీడన, గుడి భూముల మీద పెద్దల కన్ను. గుమ్మానికి ‘ఫలానా హొంగన్‌జి శాఖ’ అని బోర్డు తగిలిస్తే సైనికుడు కాస్త ఆగుతాడు. అంతే లెక్క. ఆ గుళ్లలో పూజా విధానం మారలేదు, అమితాభుడి మీద కొత్త భక్తి పుట్టలేదు. వాళ్లు కొనుక్కున్నది బీమా. జపాన్ ప్రచారకులు మాత్రం తమ పత్రికల్లో దాన్ని మత విజయంగా లెక్క రాసుకున్నారు.

1908లో కొరియా భిక్షువులు వోంజోంగ్ పేరుతో ఒక కేంద్ర సంస్థ పెట్టుకున్నారు. అధిపతి యీ హేగ్వాంగ్. ఆయనకు సలహాదారుగా చేరింది తకేదా హాన్షి. 1910 ఆగస్టులో జపాన్ కొరియాను పూర్తిగా కలిపేసుకుంది. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరులో, యీ హేగ్వాంగ్ టోక్యో వెళ్లి సోతో శాఖతో ఏడు షరతుల ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చాడు. పేరుకు సమాన స్థాయి పొత్తు. లోపల చూస్తే, వోంజోంగ్‌కు ప్రభుత్వ గుర్తింపు ఇప్పించడం సోతో బాధ్యత, సోతో ప్రచారకులకు బస, వసతి చూడటం వోంజోంగ్ బాధ్యత. దేశం అప్పగించిన వాళ్లను చూసి మతాన్ని కూడా అప్పగిస్తున్నారని దక్షిణాది భిక్షువులు మండిపడ్డారు. హన్ యోంగున్ లాంటి వాళ్ల నాయకత్వంలో ఇమ్‌జే అనే జెన్ పరంపర పేరుతో పోటీ శాఖ నిలబెట్టారు. మన జెన్ పరంపర వేరు, సోతో పరంపర వేరు, పొత్తు కుదరదు అన్నది వాళ్ల వాదన. రాజకీయ ధిక్కారం చేయలేని చోట వంశవృక్షం అక్కరకొచ్చింది.

సోతో పథకాన్ని ఆపింది మాత్రం వాళ్లు కాదు. ఆపింది జపాన్ గవర్నర్ జనరల్ తెరౌచి మసతాకె. ఇదే ఈ కథలో చాలామంది దాటవేసే మలుపు. తెరౌచి ఈ పొత్తుకు ఆమోదం ఇవ్వలేదు. 1911 జూన్ 3న ఆలయ శాసనం తెచ్చాడు. మొత్తం ఏడు నిబంధనలు. కొరియా గుళ్లన్నిటినీ 30 ప్రధాన మఠాల కిందికి తెచ్చారు. ప్రధాన మఠాధిపతిగా ఎవరు ఉండాలన్నా గవర్నర్ జనరల్ ఒప్పుకోవాలి. భూమి, అడవి, కట్టడం, విగ్రహం, పాత రాతప్రతి, ఏది చేతులు మారాలన్నా ఆయన అనుమతి కావాలి. దేవాదాయ శాఖ అనుమతి లేకుండా మాన్యం భూమి అమ్మడం కుదరదనే మాట విన్న తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ మఠాధిపతి నియామకం కూడా పరాయి దొర చేతిలో ఉంది. ముప్పై ఏళ్లుగా ప్రచారకులు దారి చదును చేశారు. దారి పూర్తయ్యాక దాని మీద నడిచింది ప్రభుత్వం. గుళ్లు ఒక శాఖ గుప్పిట్లోకి వెళ్లడం ఎందుకు, నేరుగా మన ఫైల్లోనే ఉండనీ అన్నదే తెరౌచి లెక్క. సామ్రాజ్యానికి మతం అక్కర తీరాక మతప్రచారకుడు మరో దరఖాస్తుదారుడు అయిపోయాడు.

ఆ తర్వాత కొరియాలో జపాన్ గుళ్లకు మిగిలిన భక్తులు ప్రధానంగా జపాన్ వలసవాసులే. గున్సాన్ చుట్టూ ఉన్న మైదానం వరి భూమి. అక్కడి బియ్యం ఓడల్లో జపాన్ వెళ్లేది. ఆ వ్యాపారులు, భూస్వాములు, గుమాస్తాలు చనిపోతే కర్మకాండ చేయడానికి, అస్థికలు దాచడానికి ఒక గుడి కావాలి. ఇప్పటి దొంగుక్సా చేసిన పని చాలావరకు అదే.

హన్ యోంగున్ గురించి ఇంకొంచెం చెప్పాలి. 1919 మార్చి 1 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 33 మందిలో బౌద్ధులు ఇద్దరే: ఆయన, బేక్ యోంగ్‌సోంగ్. ఆయనకు మూడేళ్ల జైలు పడింది. కొరియాలో ఇప్పటికీ ఆయన కవిత పిల్లల నోట ఉంటుంది. సోల్‌లో ఆయన చివరి రోజుల ఇల్లు ఉత్తరం వైపు తిరిగి ఉంటుంది. దక్షిణం వైపు కడితే గవర్నర్ జనరల్ భవనం కనిపిస్తుందని అలా కట్టించాడట. కొరియా చలికి ఉత్తరం వాకిలి అంటే మామూలు పట్టుదల కాదు. అయితే ఇదే మనిషి 1908లో జపాన్ వెళ్లి కొన్ని నెలలు సోతో శాఖ విద్యాసంస్థలో ఉన్నాడు. 1910లో భిక్షువులకు పెళ్లి అనుమతించాలని అర్జీలు పెట్టాడు. అందులో ఒకటి జపాన్ రెసిడెన్సీకే. పెళ్లాం పిల్లలతో ఊరి మధ్య బతుకుతూ, బడులు నడుపుతూ, ఉపన్యాసాలిస్తూ ఉండే జపాన్ పూజారిని ఆయన చూశాడు. కొండ మీద కూర్చున్న కొరియా భిక్షువు అలా కిందికి దిగితే తప్ప క్రైస్తవ మిషనరీలకు నిలబడలేడనుకున్నాడు. శత్రువు దగ్గర నేర్చుకోవడం ఆయనకు తప్పుగా తోచలేదు.

1926లో వలస ప్రభుత్వమే పెళ్లయిన భిక్షువులు మఠాధిపతులు కావడానికి దారి తెరిచింది. దానికి ఎదురు తిరిగి 127 మంది భిక్షువులతో అర్జీ పెట్టించింది ఎవరనుకున్నారు? 1919లో హన్ యోంగున్ పక్కన సంతకం పెట్టిన బేక్ యోంగ్‌సోంగే. ఇద్దరూ స్వాతంత్ర్య యోధులు, ఇద్దరూ జపాన్ వ్యతిరేకులు. పెళ్లి ఆధునికత అని ఒకరు, పెళ్లి జపాన్ మకిలి అని ఇంకొకరు. భార్యను చూసుకోవాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే మఠాధిపతి పదవి కావాలి, పదవి కావాలంటే గవర్నర్ జనరల్ దయ కావాలి. బేక్ భయపడ్డది ఈ గొలుసుకే. అది జరిగింది కూడా.

మతం, సామ్రాజ్యం ఎంత గట్టిగా ముడిపడ్డాయో ఒక్క చోట చూడాలంటే సోల్‌లో ఇప్పుడు షిల్లా హోటల్ ఉన్న గుట్ట దగ్గరికి వెళ్లాలి. 1932 అక్టోబరు 26న అక్కడ హకుబున్‌జి అనే సోతో గుడి తెరుచుకుంది. కొరియాను మింగడంలో ముందున్న తొలి రెసిడెంట్ జనరల్ ఇతో హిరోబుమి స్మారకంగా కట్టింది. హిరోబుమి అన్న పేరులోని అక్షరాలను ఇంకో తీరులో చదివితే హకుబున్. 1909లో అదే తేదీన చైనాలోని హార్బిన్ స్టేషన్‌లో కొరియా స్వాతంత్ర్య యోధుడు ఆన్ జుంగ్‌గున్ ఇతోను కాల్చి చంపాడు. గుడి కట్టిన చోటు కొరియా వాళ్ల స్మారక స్థలం. రాణి మిన్ హత్య నాటి దాడిలో దేశం కోసం చనిపోయిన సైనికులకు అక్కడ నివాళులర్పించేవారు. గుడి ముఖద్వారానికి గ్యోంగ్హీ రాజభవనం సింహద్వారాన్ని పెకలించి తెచ్చారు. 1939లో ఆన్ జుంగ్‌గున్ రెండో కొడుకును అక్కడికి తీసుకొచ్చి, ఇతో కొడుకుతో కలిపించి, తండ్రి చేసిన పనికి క్షమాపణ చెప్పించారు. పత్రికల్లో దాన్ని సయోధ్యగా ప్రచారం చేశారు. కరుణ, పశ్చాత్తాపం, పాపప్రక్షాళన అనే బౌద్ధ మాటలన్నీ ఆ రోజు ఉన్నాయి. తిరగబడి ఉన్నాయి, అంతే. సింహద్వారం మాత్రం గుడి పోయాక హోటల్ గేటుగా పనిచేసి, 1988లో గానీ తన భవనం చెంతకు చేరలేదు.

ఆన్ జుంగ్‌గున్ కథలోనే ఇంకో భిక్షువు ఉన్నాడు. ఉరికి ముందు ఆయన ఉన్న, చైనాలోని ల్యూషున్ జైల్లో ఖైదీలకు ధర్మం చెప్పే ఉద్యోగి త్సుదా కైజున్, నిషి హొంగన్‌జి పరంపర వాడు. కాథలిక్ అయిన ఆన్ తన చేతిరాత పలకలు కొన్ని అతనికిచ్చాడు. త్సుదా వాటిని ఓకయామాలో తన సొంత ఊరి గుడికి తీసుకెళ్లి దాచాడు. చక్రవర్తి సామ్రాజ్యంలో అతి పెద్ద నేరస్తుడి చేతిరాతను ఆ గుడి తరాల పాటు భద్రంగా ఉంచింది. ఇప్పుడవి క్యోటోలోని ర్యుకోకు విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. జపాన్ లోపల బాహాటంగా ఎదురు చెప్పిన వాళ్లూ లేకపోలేదు. సోతో భిక్షువు ఉచియామా గుదో చక్రవర్తి దైవత్వాన్నే ప్రశ్నించి 1911 జనవరిలో ఉరికంబం ఎక్కాడు. ఉరికి ముందే సోతో శాఖ అతన్ని వెలివేసింది. తిరిగి తనవాడిగా ఒప్పుకున్నది 1993లో, పశ్చాత్తాప ప్రకటన వచ్చిన మరుసటి ఏడాది.

తైవాన్‌లోనూ బోర్డు కథే నడిచింది. 1915లో తైనాన్‌లోని ఒక గుడి కేంద్రంగా తిరుగుబాటు జరిగింది. దాన్ని జపాన్ నెత్తుటితో అణిచింది. ఆ వెంటనే శాకాహార వ్రతం పట్టే జానపద బౌద్ధ మండళ్లు, తమ మీద అనుమానం రాకుండా సోతో లాంటి శాఖల్లో చేరిపోయాయి. ఇక్కడా చేరింది భక్తితో కాదు.

1945లో జపాన్ వాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయారు. పెళ్లి చేసుకున్న భిక్షువులు వెళ్లలేదు, వాళ్లు కొరియా వాళ్లే. అప్పటికి బ్రహ్మచారులు గుప్పెడు మంది, సంసారులు వేలల్లో. 1954లో అధ్యక్షుడు సింగ్మన్ రీ, తాను మెథడిస్ట్ క్రైస్తవుడై ఉండి, పెళ్లయిన భిక్షువులు జపాన్ మకిలి కాబట్టి గుళ్లు ఖాళీ చేయాలని ప్రకటించాడు. శుద్ధి ఉద్యమం మొదలైంది. గుళ్ల కోసం కొట్లాటలు, పోలీసు కాపలా, ఏళ్ల తరబడి కోర్టు కేసులు. బ్రహ్మచారుల జోగ్యే శాఖ 1962లో నిలదొక్కుకుంది, సంసారులు 1970లో తేగో శాఖగా విడిపోయారు. జపాన్ ఛాయ వదిలించుకునే పనిని కూడా ప్రభుత్వం చేత, పోలీసుల చేత చేయించుకోవాల్సి వచ్చింది. తెరౌచి నేర్పిన పద్ధతి అదే కదా.

ఆ ఆలయ శాసనం కూడా జపాన్‌తో పాటు వెళ్లిపోలేదు. 1962 దాకా పుస్తకాల్లోనే ఉంది. దాని స్థానంలో వచ్చిన బౌద్ధ ఆస్తుల నిర్వహణ చట్టం కూడా గుడి పెత్తనాన్ని ప్రభుత్వం చేతిలోనే ఉంచింది. అది పోయి వేరే చట్టం రావడానికి 1987 దాకా పట్టింది. సోతో శాఖ తప్పు ఒప్పుకున్నది ఆ తర్వాత ఐదేళ్లకు. అదైనా ఎలా బయటపడిందంటే, తమ విదేశీ ప్రచార చరిత్ర అని గర్వంగా 1980లో అచ్చు వేసిన పుస్తకంలో వలస కాలపు అహంకారం, చిన్నచూపు అలాగే ఉన్నాయని విమర్శలు వచ్చి, ఆ పుస్తకాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

దొంగుక్సాలో క్షమాపణ రాయి ముందు 2015లో ఒక బాలిక విగ్రహం పెట్టారు. జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా లాక్కెళ్లిన ఆడపిల్లల గుర్తుగా. పర్యాటకులు ముందు ఆమె దగ్గర ఆగుతారు, తర్వాత రాయి చదువుతారు, ఆపైన చెప్పులు విడిచి మందిరంలోకి వెళతారు. జపాన్ వడ్రంగం, జపాన్ కప్పు, జపాన్ నడవ. లోపల పీఠం మీద ఉన్న మట్టి బుద్ధుడు మాత్రం 1650లో కొరియా భిక్షువులు మలిచినవాడు. జపాన్ వాళ్లు ఖాళీ చేసి వెళ్లాక గుమ్‌సాన్సా మఠం నుంచి తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు.